కళాయికి వెళ్లిన గుండిగ

కొత్త సామాను కొనుక్కునేవాళ్లని చూస్తే నాకు జాలి వేస్తుంది. నిజంగానే చెబుతున్నాను, వెటకారం కాదు!

పాపం, కొట్టుకి వెళతారు. తళతళలాడే గిన్నె ఒకటి కాగితంలో చుట్టి ఇస్తే చంకన పెట్టుకుని వస్తారు. ఆ గిన్నెకి ముందూ లేదు, వెనకా లేదు. అందులో ఎవరూ పులుసు కాచలేదు. ఏ కోడలూ దాన్ని అడుగంటించి అత్తచేత తిట్లు తినలేదు. ఏ మొగుడూ కూరలో కారం ఎక్కువైందని దాన్ని నడివాకిట్లోకి విసరలేదు. ఒక్క సొట్ట కూడా లేని గిన్నె ఒక గిన్నేనా? ఒక్క సొట్టా లేని సంసారం ఒక సంసారమేనా?

అందుకని, దేశం బాగుపడాలంటే జనమంతా పాత సామాన్లే కొనాలని నా దృఢమైన అభిప్రాయం. పంచవర్ష ప్రణాళికలు రాసే పెద్దలకి ఇంత చిన్న సంగతి తట్టకపోవడం మన దురదృష్టం. నేను బి.ఏ. చదివాను. ఏదీ ఊరికే అనను.

గుంటూరులో గౌస్ బాషా అని ఒక పెద్దమనిషి ఉన్నాడు. పాత సామాన్ల కొట్టు ఆయనది. కొట్టంటే కొట్టు కాదు, చుట్టుపక్కల నాలుగు తాలూకాల ఇళ్లన్నీ పట్టుకుని బోర్లిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మంచాల మీద బల్లలు, బల్లల మీద ఉయ్యాల పీటలు, వాటి మీద బిందెలు. వాటన్నిటి మధ్యా ఒక ముక్కాలి పీట మీద గౌస్ బాషా, ఆయన చేతిలో టీ గ్లాసు.

ఆయన మాట ఒకటి నేను ఎప్పటికీ మరిచిపోలేను. “కొత్తది కొంటే సామానొక్కటే వస్తుంది బాబుగారూ. పాతది కొంటే దానితో సంసారం కూడా వస్తుంది.”

నేను మొట్టమొదటిసారి ఆ కొట్టుకి ఏ పని మీద వెళ్లానన్నది ఇక్కడ అప్రస్తుతం. రెండోసారి నుంచీ చెబుతాను.

రెండోసారి ఒక గోడ గడియారం కొన్నాను. అది ఏదో ఆఫీసులో పాతికేళ్లు పనిచేసి రిటైరైన గడియారం. పొద్దున పదిన్నరకి గాని కదలదు. మధ్యాహ్నం ఒంటిగంట కొట్టాక రెండు కొట్టడానికి రెండున్నర గంటలు తీసుకుంటుంది. సాయంత్రం నాలుగూ ముప్పావు అయ్యేసరికి మాత్రం ఎక్కడలేని హుషారూ వచ్చి టకటకా అయిదు కొట్టేస్తుంది! కొత్త గడియారానికి ఇంత సర్వీసు ఎక్కడిది?

తరవాత పడక కుర్చీ. అది ఒక పెద్ద ఉద్యోగిగారిదట. ఆయన ఎక్కడ ఒరిగేవాడో అక్కడ గుడ్డ సాగి, ఆయన ఆకారం అచ్చు పడిపోయి ఉంది. అందులో కూర్చుంటే చాలు, నాకు దానంతటదే ఆవలింత వస్తుంది. ఎవరైనా కాగితం చూపించి చదివిపెట్టమంటే “రేపు రావయ్యా” అని నోరు దానంతటదే అంటుంది. ఒకసారైతే పక్కింటాయన అర్జీ రాయించుకోవడానికి వస్తే నా కుడిచెయ్యి బల్ల కిందికి దానంతటదే చాచుకుంది. నేను ఎంత లాక్కున్నా రాలేదు!

ఇక మా తాతగారి సంగతి. నాకు కావలసింది పటం చట్రం. టేకు చట్రం, మూలలకి ఇత్తడి పువ్వులు, చాలా బాగుంది. లోపల ఎవరో పెద్దాయన ఫొటో ఉంది. జరీ తలపాగా, బొద్దుమీసాలు, చేతిలో వెండిపొన్ను కర్ర. తీసేద్దామనుకున్నాను. కాని గోడకి తగిలించాక చూస్తే ఆయన వల్ల మా ఇంటికే ఒక నిండుదనం వచ్చింది. వచ్చినవాళ్లు “మీ తాతగారా?” అని అడగడం మొదలెట్టారు. కాదనడానికి నాకు నోరు రాలేదు. మా అసలు తాత జన్మంతా గోచీతో మిరపతోటకి నీళ్లు పెట్టాడు గాని ఫొటో దిగలేదు. ఈయనకి ఇప్పుడు పండగ పండగకీ దండ వేస్తున్నాం. ఎవరింటి తాతో ఏమో, మా ఇంట్లో సుఖంగా ఉన్నాడు. కొత్త సామాను కొంటే తాత వస్తాడా? చెప్పండి!

ఇవన్నీ ఒక ఎత్తు, ఇత్తడి సామాను ఒక్కటీ ఒక ఎత్తు.

మన వైపు ఇత్తడి గిన్నె కొంటే పేరు చెక్కించకుండా ఇంటికి తేవడం ఉందా? పుట్టింటి వాళ్లు పిల్ల పేరు చెక్కించి ఇస్తారు. ఉలితో చుక్కలు చుక్కలుగా పొడిచిన అక్షరాలు. గౌస్ బాషా కొట్టులో బిందెలు తిరగేస్తూ పోతుంటే ఊరి ఆడవాళ్లందరినీ పేరు పెట్టి పిలుస్తున్నట్టుంటుంది. ఒకరి బావి గట్టు ఒకరు ఎక్కకూడదని ఇప్పటికీ కర్రలు పట్టుకునే ఊళ్లు మనవి. ఆ ఊళ్ల గిన్నెలే అక్కడ ఒకదాని కడుపులో ఒకటి దూరి ఎంత సఖ్యంగా ఉన్నాయో! రెబ్కా బిందెలో మహాలక్షమ్మ చెంబు, ఆ చెంబులో ఖాదర్‌బీ గ్లాసు. మా పెద్దమ్మ మహా ఆచారం మనిషి. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆవిడ మంచినీళ్లు తాగే చెంబు అడుగున ఎవరి పేరుందో నేను ఇంతవరకూ చెప్పలేదు. ఆవిడకి చదువు రాదు. మా ఇంటి ప్రశాంతత అంతా దాని మీదే నిలబడి ఉంది.

ఒకరోజు అన్నాను కూడా. “ఏమయ్యా గౌస్ బాషా, ఇన్ని గిన్నెలున్నాయి, ఒక్కదాని మీదైనా మగవాడి పేరు లేదేం?”

ఆయన టీ గ్లాసు కిందపెట్టి నా వంక అదోలా చూశాడు. “మగవాళ్ల పేర్లు నా రసీదు పుస్తకంలో ఉంటాయి బాబుగారూ” అన్నాడు.

నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆ రోజే గుండిగ కొన్నాను.

గుండిగ అంటే మాటలు కాదు. నూటయాభైమందికి ఒక్క వార్పులో అన్నం దిగుతుంది. ఇద్దరు మనుషులుంటే గాని లేవదు. లోపల కొత్తగా తగరంతో కళాయి వేయించి ఉంచాడేమో, అద్దంలా మెరిసిపోతోంది. మెడ చుట్టూ చుక్కల అక్షరాల్లో ‘సుబ్బరావమ్మ’ అని ఉంది. ఏ సుబ్బరావమ్మ అని నేను అడగలేదు. మా ఒక్క ఊళ్లోనే ముగ్గురున్నారు. నాకు కావలసింది హోదా! ఎవరింట్లో గుండిగ ఉంటే వాళ్లింటికి పెళ్లి పిలుపు ముందు వస్తుంది. అది మా ఊళ్లో రాతకోతలు లేని చట్టం.

బండి మీద నుంచి దింపించగానే మా ఆవిడ శివపార్వతి వచ్చి చూసింది. ఆ అక్షరాల మీద వేలు పెట్టి ఒకటికి రెండుసార్లు చదివింది.

“పేరు చెరిపించి నీ పేరు చెక్కిద్దామా?” అన్నాను, ఉదారంగా.

“వద్దులెండి. చెరిపితే ఇత్తడి అరుగుతుంది. ఉన్న పేరు ఉండనివ్వండి” అంది.

ఎంత పొదుపైన ఇల్లాలు! నా ఎంపికకి నాకే గర్వం వేసింది.

వారం తిరక్కుండానే ప్రెసిడెంటుగారింట్లో పెళ్లి వచ్చింది. అడగ్గానే ఇవ్వడం పెద్దరికం కాదని నేను బిగదీసుకుని కూర్చుంటే, మా ఆవిడే మనుషుల్ని పిలిచి గుండిగ ఎత్తించి పంపేసింది. పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. నా గుండిగలో వండిన అన్నం నేనే మూడుసార్లు మారు వడ్డించుకుని తిన్నాను.

మర్నాడు సామాన్లు తిరిగి ఇవ్వడం మొదలైంది. మా వైపు పెళ్లిళ్లకి ఇరవై ఇళ్ల సామాను పోగవుతుంది. చింతపండూ బూడిదా పెట్టి తోమి పందిట్లో బోర్లించాక, ఎవరివి ఎవరికని ఎలా తెలుస్తుంది? పేరు చూసి! ఎవరి పేరుంటే వాళ్లింటికి చేరుస్తారు. మా తాతల నాటి నుంచీ అంతే. ఆ పని ప్రెసిడెంటుగారి బండి తోలే ఇమ్మానియేలుది. మిషన్ బడిలో అయిదు వరకూ చదివాడు. ఒక్క గరిటె కూడా ఇల్లు మారదని అతనికి పేరు.

సాయంత్రమైనా నా గుండిగ రాలేదు. ఖాళీ బండితో తిరిగిపోతున్న ఇమ్మానియేలుని వీధిలో ఆపాను.

“ఏమోయ్ ఇమ్మానియేలూ, నా గుండిగ ఏది?”

“మీ పేరున గుండిగేం లేదండి అయ్యగారూ. అమ్మగారి పేరునా లేదండి. సుబ్బరావమ్మగారి పేరున ఒక్కటే ఉందండి. తూర్పు వీధిలో ఇచ్చేసి వస్తున్నానండి.”

“అది నాదోయ్!”

“మరి దాని మీద సుబ్బరావమ్మగారి పేరుందేంటండి?”

“ఉంటే? నేను కొన్నాను!”

“మీరు కొంటే మీ పేరుండాలి గదండి” అన్నాడు ఎంతో మర్యాదగా. “ఊళ్లో ముగ్గురు సుబ్బరావమ్మలున్నారని ముందు ఇద్దరికీ చూపించానండి. మాది కాదన్నారండి. మూడో ఆవిడ చూడగానే వాటేసుకుందండి.”

బి.ఏ.లో నాకు లాజిక్ చెప్పిన మాస్టారు కూడా ఇంత బిగువుగా వాదించి ఉండడు. ఇక లాభం లేదని చెప్పులు వేసుకుని తూర్పు వీధికి బయల్దేరాను.

ఆ మూడో సుబ్బరావమ్మ చెంచురామయ్య భార్య. చెంచురామయ్య నాకు బావ వరస. ఏడు నెలల కిందటి పంచాయతీ ఎన్నికల్లో వార్డుకి నిలబడ్డాడు. ఓటర్లకి సోడాలు పోయించాడు, చుట్టలు పంచాడు, మైకు పెట్టించి తనని తానే పొగిడించుకున్నాడు. సోడాలు తాగినవాళ్లలో మూడోవంతు ఓట్లేసినా గెలిచేవాడు. అయినా ఓడిపోయాడు.

వాకిట్లో అడుగుపెట్టేసరికి గుండిగ నడిమధ్యన కూర్చుని ఉంది. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి ఉన్నారు! నన్ను చూడగానే చెంచురామయ్య అరుగు మీద నుంచి ఒక్క గెంతు గెంతి, చెయ్యి పట్టుకుని బరబరా గడ్డివామి వెనక్కి లాక్కుపోయాడు.

“ఒరేయ్ బావా, నీ కాళ్లు పట్టుకుంటాను, నోరెత్తకు!”

“నా గుండిగరా!”

“నా సంసారంరా!” అన్నాడు వాడు. “ఎలక్షన్లప్పుడు చేతిలో డబ్బు ఆడక గుంటూరు తీసుకెళ్లి గౌస్ బాషాకి ఇచ్చేశాను. ఇంట్లో మాత్రం కళాయికి ఇచ్చానని చెప్పాను.”

“మన ఊరికి కళాయి బుడాన్ నెలనెలా వస్తాడు గదరా. ఎలా నమ్మింది?”

“బుడాన్ కొలిమి చిన్నది, ఇంత గుండిగ ఆనదు, గుంటూరులో పెద్ద కొలిమి ఉందన్నాను. ఏడు నెలల్నుంచీ రోజూ పొద్దున అన్నంలో పెరుగు వేస్తూ అడుగుతుంది, కళాయి అయిందా అని. నేను గతుక్కుమంటాను. పెరుగన్నం తిని ఎన్నాళ్లైందో తెలుసా నేను! ఇవాళ దానంతటదే ఇంటికి వచ్చింది బావా. లోపల కళాయి కూడా ఉంది! ఇది దేవుడి లీల కాకపోతే ఏమిటి?”

దేవుడి లీలకి నా చేతి డబ్బు ఎందుకు వదలాలి? ఆ మాటే అనబోతున్నాను. ఇంతలో సుబ్బరావమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని వామి వెనక్కే వచ్చింది.

“అన్నయ్యగారూ, గడ్డివామి వెనక ఏం మంతనాలండీ? ఇలా వచ్చి మా గుండిగ చూడండి. ఏడు నెలలు పట్టింది కళాయికి. ఎంత బాగా వేశాడో, నా మొహం నాకు కనపడుతోంది!”

చూశాను. ఆవిడ గుండిగలోకి చెయ్యి పెట్టి లోపలంతా నిమురుతోంది.

“మా అమ్మ నిలబడి మరీ చెక్కించింది ఈ పేరు” అంది. “మీకు తెలియనిదేముంది అన్నయ్యగారూ? పొలం కాగితాల మీద ఆయన పేరు. ఇంటి పన్ను కాగితం మీద ఆయన పేరు. దూడప్పుడు తెచ్చి చేతులారా పెంచాను గేదెని, దాన్నీ చెంచురామయ్యగారి గేదె అంటారు. నా పేరంటూ అక్షరాల్లో ఉన్నది ఈ ఒక్కదాని మీదే. అది కాస్తా ఎటన్నా పోతే నేనీ ఊళ్లో ఉన్నట్టు సాక్ష్యం ఏముంది చెప్పండి? ఈ ఏడు నెలలూ ఏ ఇంట్లో పొయ్యి మీద గుండిగ కనపడినా ముందు మెడ చూసేదాన్ని.”

వామి చాటు నుంచి చెంచురామయ్య నాకు దణ్ణాలు పెడుతున్నాడు.

పాఠక మహాశయులారా, మీరైతే ఏం చేసేవారు? నేను మజ్జిగ తాగాను. కళాయి చాలా బాగుందన్నాను. ఇంటికి వచ్చేశాను.

మా ఆవిడ వాకిట్లో తాలు మిరపకాయలు ఏరుతోంది. జరిగిందంతా చెప్పాను. నా త్యాగం గురించి కాస్త విస్తరించే చెప్పాను.

“వదిలేసి వచ్చారా?”

“ధర్మం కదే మరి! ఆవిడ వస్తువు ఆవిడకి చేరింది.”

“మంచిపని చేశారు” అని ఇంకో నాలుగు కాయలు ఏరింది. “అయితే సుబ్బరావమ్మ వదిన గుండిగకి కళాయి అయిపోయిందన్నమాట. మరి మన కాగు సంగతేమిటండీ?”

ఇక్కడ మీకు చిన్న విషయం మనవి చేసుకోవాలి. ఇందాక అప్రస్తుతమన్నాను చూడండి, అది.

మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న రాగి కాగు ఒకటి ఉండేది. స్నానాలకి నీళ్లు అందులోనే కాగేవి. దాని మీద ‘శివపార్వతి’ అని ఉండేది. మా ఊరికి కరెంటు వచ్చిన కొత్తలో నాకు రేడియో మీద మనసైంది. గౌస్ బాషా కొట్టులో మంచి రేడియో ఉందని తెలిసింది. అందుకని పదకొండు నెలల కిందట కాగుని కళాయికి ఇచ్చాను.

ఇచ్చానంటే, మీకు అర్థమైందిగా. ఆ కాగే ఇప్పుడు మా గూట్లో కూర్చుని పొద్దున్నే ఢిల్లీ నుంచి వార్తలు చదువుతోంది. సాయంత్రం పూట గుర్రుగుర్రుమంటూ సిలోను పాటలు పాడుతోంది. మా ఇంట్లో స్నానాలకి నీళ్లు మాత్రం పప్పు గిన్నెలో కాగుతున్నాయి.

“అవుతుందిలే. గుంటూరులో కళాయి పని చాలా ఒత్తిడిగా ఉంది” అన్నాను.

“పాపం” అంది మా ఆవిడ.

ఆ పై శుక్రవారం నేను దర్శిలో ఒక పెళ్లికి వెళ్లాల్సి వచ్చింది. రెండు రోజులుండి ఆదివారం వచ్చాను. వస్తూనే స్నానానికి పెరట్లోకి వెళ్లాను గదా, పొయ్యి మీద నిండు కాగు! పొగలు కక్కుతూ నీళ్లు! మెడ మీద ‘శివపార్వతి’!

లోపలికి పరిగెత్తాను. గూడు ఖాళీగా ఉంది. మా టేకు చట్రం తాతగారు మీసాల చాటున నవ్వుతున్నట్టే ఉంది.

“ఏమే, రేడియో ఏది?”

“కళాయికి ఇచ్చానండి” అంది మా ఆవిడ, తువ్వాలు అందిస్తూ.

“రేడియోకి కళాయేమిటే!”

“రాగి కాగుకి పదకొండు నెలలు కళాయేమిటని నేను మిమ్మల్ని అడిగానా?”

నిజమే. అడగలేదు. కాస్త తమాయించుకుని అన్నాను, “నీకు గుంటూరులో ఆ కొట్టు దారి ఎవరు చెప్పారు?”

“సుబ్బరావమ్మ వదిన తీసుకెళ్లింది. తనకి ఏడు నెలల్నుంచీ తెలుసట.”

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి గుంటూరు వెళ్లాను. నా రేడియో అక్కడే ఉంది, ఎవరిదో ఇస్త్రీపెట్టె పక్కన, అనాథలాగా. దాని చుట్టూ నాలుగు వైపులా తడిమి చూశాను. ఎక్కడా నా పేరు లేదు. ఇమ్మానియేలు చూసినా ఇంటికి తెచ్చే దారి లేదు!

గౌస్ బాషా నాకు కూడా ఒక గ్లాసు టీ తెప్పించాడు.

“ముప్పయ్యేళ్లుగా ఈ పీట మీద కూర్చున్నాను బాబుగారూ. ఆడవాళ్ల పేర్లున్న సామాను మగవాళ్లు మోసుకొచ్చి ఇవ్వడమే చూశాను. మగవాడి సామాను ఆడవాళ్లు మోసుకొచ్చి ఇవ్వడం నాకు ఇదే బోణీ.”

నేను టీ చల్లార్చుకుంటున్నాను.

“ఇద్దరమ్మలూ నా కొట్టంతా తిరిగి, గిన్నెల మీద పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకున్నారు” అన్నాడు గౌస్ బాషా, వీధిలోకి చూస్తూ. “ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుని, తలా ఒక రేడియోతో పంపిస్తామన్నారు.”